కనిపించనిదాన్ని కొలిచిన సూరి భగవంతం గారు

పిల్లలూ, మీరు కూడా కాస్త కూర్చుని చదవండి. ఇంట్లో చేసి చూడడానికి చివర్లో ఒక చిన్న పని కూడా ఉంది.

ఫిబ్రవరి 28 దగ్గర పడుతోందంటే మన బడుల్లో జాతీయ విజ్ఞాన దినోత్సవం హడావుడి మొదలవుతుంది. 1928లో ఆ రోజున కలకత్తాలో సి.వి. రామన్ గారు రామన్ ఎఫెక్ట్‌ను కనిపెట్టారు. చార్టు మీద తలపాగాతో రామన్ గారి బొమ్మ, కింద నోబెల్ బహుమతి 1930 అనే అక్షరాలు మీకు అలవాటే. ఈసారి ఆయన శిష్యుల్లో ఒకరి గురించి చెప్పుకుందాం. ఆయన తెలుగువారు. మన బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి, అంటే ఊళ్ళో అందరూ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోటికి, 1957 నుంచి 1962 దాకా డైరెక్టరుగా పనిచేశారు. ఆయన పేరు సూరి భగవంతం.

ఆయన చేసిన పదవులు చాలా ఉన్నాయి. వాటిని వరసగా చదువుకుంటూ పోతే మనిషి కనపడడు. అందుకని ఆయన పనిలో ఒక ప్రశ్నను పట్టుకుని నడుద్దాం. అద్దంలాగా ఆరపార కనిపించే వస్తువు ఒకటి ఉంది. దాని లోపల ఏదో జరుగుతోంది. కంటికి మాత్రం ఏమీ తెలియదు. మరి దాన్ని కొలిచేది ఎలా?

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

భగవంతం గారు 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. మన టాటా ఇన్‌స్టిట్యూట్ మొదలైంది కూడా 1909లోనే. తర్వాతి రోజుల్లో ఆయనే దానికి పెద్ద అవుతారని అప్పుడెవరికి తెలుసు!

గుడివాడలో బడి చదువు అయింది. తర్వాత హైదరాబాదు నిజాం కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఫిజిక్సులో మొదటి స్థానంతో డిగ్రీ పూర్తి చేశారు. అది 1928. రామన్ గారి పేరు దేశమంతా మోగుతున్న సంవత్సరం. పంతొమ్మిదేళ్ళయినా నిండని ఈ కుర్రవాడు కలకత్తా వెళ్ళి రామన్ గారి దగ్గర పరిశోధనలో చేరారు.

ఇప్పుడంటే ఫోన్ తీసి టికెట్టు బుక్ చేసుకుంటాం. అప్పుడు కృష్ణా జిల్లా నుంచి కలకత్తా అంటే భాష వేరు, తిండి వేరు, వాతావరణం వేరు. బెంగళూరుకి వేరే ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడిన మీలో చాలామందికి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన అక్కడ నాలుగేళ్ళు ఉన్నారు. 1930లో గురువుగారికి నోబెల్ వచ్చినప్పుడు ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న శిష్యుల్లో ఈయనా ఉన్నారు. 1931లో రామన్, భగవంతం ఇద్దరూ కలిసి కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందని చూపే ప్రయోగం అచ్చువేశారు. అప్పటికి శిష్యుడికి ఇరవై రెండేళ్ళు.

1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ వైస్ ఛాన్సలరుగా ఉన్న రోజులవి. సైన్సు కాలేజీ అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటోంది. పరికరాలు కొనుక్కోవాలి, లేదంటే చేసుకోవాలి. మన ప్రశ్న ఆయన దగ్గరకు వచ్చింది అక్కడే. అది అర్థం కావాలంటే ముందు కాంతి గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి.

అడుగు తప్పిన కవాతు

పిల్లలూ, ఆగస్టు 15న మీరు మైదానంలో కవాతు చేస్తారు కదా. ఒక వరసలో పదిమంది. అందరి అడుగూ ఒకేసారి పడుతోంది. దారి మధ్యలో ఇద్దరి ముందు మాత్రం తడి ఇసుక వచ్చింది. వాళ్ళు కాస్త నెమ్మదించారు. ఇసుక దాటాక మళ్ళీ అందరితో సమానంగా నడుస్తున్నారు, కానీ అర అడుగు వెనకబడిపోయారు. ఇప్పుడు దూరంగా నిలబడి తలలు లెక్కపెడితే పదీ ఉంటాయి. తేడా తలల్లో లేదు, అడుగులో ఉంది.

కాంతి కూడా తరంగమే. నీళ్ళలోనో గాజులోనో వెళ్ళేటప్పుడు నెమ్మదిస్తుంది. ఎక్కువ నెమ్మదించిన కాంతి, పక్క కాంతి కన్నా అడుగులో వెనకబడుతుంది. ఈ అడుగునే ఫిజిక్సులో ఫేజ్ అంటారు, తెలుగు పుస్తకాల్లో దశ అని రాస్తారు. మన కన్ను తలలు మాత్రమే లెక్కపెట్టగలదు. అంటే వెలుతురు ఎంత ఉందో, ఏ రంగో చూడగలదు. అడుగు తప్పితే పట్టుకోలేదు.

బడి ల్యాబులో ఉల్లిపొర చూసినప్పుడు టీచరుగారు ఒక చుక్క రంగు ఎందుకు వేయిస్తారో ఇప్పుడు అర్థమైందా? రంగు వేయకపోతే కణం ఆరపారగానే ఉంటుంది. దాని గుండా వెళ్ళిన కాంతి తగ్గదు, అడుగు మాత్రమే తప్పుతుంది. రంగు వేస్తే కనపడుతుంది, కానీ చాలా రంగులు బతికున్న కణాన్ని చంపేస్తాయి. చచ్చిన కణం ఎలా విడిపోతుందో చూడలేం కదా.

ఈ చిక్కుముడిని నెదర్లాండ్స్ దేశంలో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రిట్స్ జెర్నికే విప్పారు. 1930ల మొదట్లో ఆయనకు తట్టిన ఉపాయం ఇది. కణం గుండా వచ్చే కాంతిలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి కణాన్ని పట్టించుకోకుండా నేరుగా వచ్చేది. రెండోది కణం వల్ల పక్కలకు చెదిరి వచ్చేది. పల్చటి కణమైతే ఈ రెండిటికీ మధ్య దాదాపు పావు తరంగం తేడా ఉంటుంది. నేరుగా వచ్చే కాంతి దారిలో ఒక చిన్న పలక పెట్టి దాన్ని ఇంకో పావు తరంగం జరిపితే, ఒకదాని శిఖరం మీద రెండోదాని లోయ పడుతుంది, లేదా శిఖరం మీద శిఖరం పడుతుంది. లోయ పడితే కణం నల్లగా, శిఖరం పడితే తెల్లగా తేలుతుంది. రంగు అక్కర్లేదు, కణం బతికే ఉంటుంది. దీన్నే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ అంటారు. 1953లో ఆయనకు దీనికే నోబెల్ బహుమతి ఇచ్చారు.

చూడటంతో పని అయిపోలేదు. ఈ మైక్రోస్కోపుతో కొలతలు కూడా తీస్తారు. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది, బతికున్న కణాన్ని కోయకుండా, కాల్చకుండా దానిలో ప్రోటీన్ ఎంత చిక్కగా ఉందో చెప్పడం. 1950ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో బేరర్, జోసెఫ్ అనే ఇద్దరు దీన్ని చేశారు. కణాన్ని ప్రోటీన్ కలిపిన నీళ్ళలో ఉంచుతారు. చిక్కదనం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. ఒక దగ్గర ఫేజ్ కాంట్రాస్ట్‌లో కణం మాయమైపోతుంది! లోపలా బయటా కాంతికి ఒకే వేగం వచ్చింది కాబట్టి అడుగు తేడా లేదు, అందుకే కనపడదు. బయట నీళ్ళ చిక్కదనం మనకు తెలుసు. లోపలిది కూడా దాదాపు అంతే. కనపడకుండా పోవడమే ఇక్కడ కొలత.

రెండోది మన ఇంటి పైకప్పుకు దగ్గరగా ఉండే సంగతి. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు మీరందరూ చూసి ఉంటారు. వాటిని కోసినా పగలగొట్టినా సన్నటి పీచు గాలిలోకి లేస్తుంది, అది ఊపిరితిత్తులకు చేటు. పనిచోట గాలిలో పీచు ఎంత ఉందో తెలియాలంటే, కొంత గాలిని వడపోత కాగితం గుండా లాగి, ఆ కాగితాన్ని ఆరపారగా చేసి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ కింద పీచులు లెక్కపెడతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతును ఒక మైక్రాన్ అంటారు. 5 మైక్రాన్ల కన్నా పొడవు, 3 మైక్రాన్ల కన్నా తక్కువ మందం, మందానికి కనీసం మూడు రెట్ల పొడవు ఉన్న పీచునే లెక్కలోకి తీసుకుంటారు. అది ఆస్‌బెస్టాసా, వేరే పీచా అన్నది ఈ మైక్రోస్కోప్ చెప్పలేదు, దానికి వేరే పరీక్ష కావాలి. కానీ కార్మికుడి ముక్కు దగ్గర గాలి ఎలా ఉందో చెప్పే మొదటి అంకె ఇక్కడి నుంచే వస్తుంది.

బెంగళూరులో తేలిన లెక్క

జెర్నికే తన పలకతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే మన ఊళ్ళో ఇంకో పని జరిగింది. రామన్ గారు 1933లో కలకత్తా వదిలి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరుగా వచ్చారు. ఇక్కడ నగేంద్రనాథ్ అనే యువకుడితో కలిసి 1935, 1936 సంవత్సరాల్లో ధ్వనీ కాంతీ కలిసే ఒక వింతకు లెక్క కట్టారు.

ఆ వింత ఏమిటంటే, చెవికి వినపడనంత ఎక్కువ కంపనాలు ఉన్న ధ్వనిని నీళ్ళలోకి పంపితే, ఆ నీళ్ళ గుండా వెళ్ళిన కాంతి తెర మీద ఒక్క చుక్కగా పడకుండా, వరసగా చాలా చుక్కలుగా విడిపోతుంది. 1932లో అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ దీన్ని చూశారు. ఎందుకిలా అవుతోంది? నీళ్ళలో ఏ అడ్డమూ లేదు, ఆరపారగానే ఉన్నాయి.

రామన్, నగేంద్రనాథ్ చెప్పింది ఇది. ధ్వని వెళ్తున్నప్పుడు నీరు ఒక చోట కాస్త నొక్కుకుంటుంది, పక్కనే కాస్త వదులవుతుంది, మళ్ళీ నొక్కుకుంటుంది. నొక్కుకున్న చోట కాంతి కొంచెం ఎక్కువ నెమ్మదిస్తుంది. అంటే మన కవాతులో తడి ఇసుక, పొడి నేల, తడి ఇసుక, పొడి నేల అని పట్టీలు పట్టీలుగా పరిచినట్టు. బయటికి వచ్చిన కాంతి ఎక్కడా తగ్గలేదు, అడుగులు మాత్రం అలలు అలలుగా తప్పాయి. ఆ అడుగుల తేడాయే తెర మీద చుక్కలుగా విప్పుకుంటుంది. జెర్నికేకు కణం ఎలాంటిదో వీళ్ళకు ధ్వని నిండిన నీళ్ళు అలాంటివి. రెండు చోట్లా కాంతిలో మారేది ఫేజ్ ఒక్కటే.

పెద్ద తరగతుల పిల్లలు ఈ లెక్క చేసి చూడండి. నీళ్ళలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. కంపనాలు సెకనుకు 50 లక్షలు. భాగిస్తే ఒక అల పొడవు 0.3 మిల్లీమీటర్లు. పసుపు కాంతి అల పొడవు సుమారు 0.0006 మిల్లీమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.002. తెర 3 మీటర్ల దూరంలో ఉంటే చుక్కల మధ్య ఎడం 6 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవచ్చు! తిప్పి చేస్తే, చుక్కల ఎడం కొలిచి నీళ్ళలో ధ్వని వేగం చెప్పేయొచ్చు. కనిపించని ధ్వనికి స్కేలు దొరికింది.

గురువుగారి ఊళ్ళో తేలిన ఈ లెక్క అటు వాల్తేరులో శిష్యుడి చేతిలో పనిముట్టు అయింది.

వజ్రానికి పరీక్ష

గాజుతో కొట్టి చూడండి, చెక్కతో కొట్టి చూడండి. గట్టిగా బిగుసుకున్న వస్తువులో ధ్వని వేగంగా పోతుంది. కాబట్టి ఒక స్ఫటికంలో ధ్వని వేగం తెలిస్తే అది ఎంత బిగువుగా ఉందో, అంటే దాని స్థితిస్థాపకత ఎంతో తెలిసిపోతుంది. సాంద్రతను వేగంతో రెండుసార్లు గుణిస్తే చాలు.

భగవంతం గారు తన శిష్యుడు భీమసేనాచార్ గారితో కలిసి దీనికి ఒక తేలికైన పద్ధతి తయారుచేశారు. మామూలు పలకతో అయితే ఒక కంపనమే బాగా వస్తుంది. వీళ్ళు చీలలాగా ఒక వైపు మందంగా, ఒక వైపు సన్నగా ఉండే పలక వాడారు. దాంతో ఎన్నో కంపనాలు ఒకే పలక నుంచి తీయొచ్చు. దాని ముందు పరీక్షించాల్సిన స్ఫటికపు బిళ్ళ పెట్టి, అవతల ద్రవం ఉంచి, ఆ ద్రవం గుండా కాంతి పంపారు. కంపనాలు మార్చుకుంటూ పోతే ఒక దగ్గర బిళ్ళ ధ్వనిని హాయిగా దాటనిస్తుంది. ఆ క్షణాన అవతల ద్రవంలో ధ్వని పెరిగి కాంతి చుక్కలు ప్రకాశంగా వస్తాయి. అంటే బిళ్ళ లోపలి కబురును కాంతి అడుగుల తేడా మోసుకొస్తుంది. ఇంత చిన్న బిళ్ళలు సరిపోతాయి కాబట్టే, పెద్ద ముక్కలుగా దొరకని ఖనిజాలను కూడా కొలవగలిగారు.

అప్పుడే రెండో ప్రపంచయుద్ధం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవాల్సి వచ్చింది. ప్రయోగశాల సామాను విప్పి, కట్టి, వేరే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టడం అంటే మాటలా? ఇల్లు మారినప్పుడు గ్యాసు పొయ్యి బిగించుకోవడానికే మనకు రెండ్రోజులు పడుతుంది. ఆ సంవత్సరాల్లో కూడా కొలతలు ఆగలేదు. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ప్రపంచానికే వజ్రాలు దొరికాయి. ఆ కృష్ణా తీరం నుంచి వచ్చిన మనిషి ఇప్పుడు వజ్రాన్ని పరీక్షకు తీసుకున్నారు. భగవంతం, భీమసేనాచార్ వజ్రపు స్థితిస్థాపకత అంకెలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1946లో అచ్చయ్యాయి.

తప్పిన అంకెలు

ఇక్కడ కథ ఆపేస్తే చప్పట్లు కొట్టి వెళ్ళిపోవచ్చు. కానీ మిగతాది కూడా పిల్లలకు చెప్పాలి.

వజ్రానికి ఇలాంటి అంకెలు మూడు ఉంటాయి. నిటారుగా నొక్కితే ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది ఒకటి. ఆ నొక్కుడు పక్క దిక్కు మీద ఎంత పనిచేస్తుందో చెప్పేది రెండోది. పక్కకు జరిపితే ఎంత మొండికేస్తుందో చెప్పేది మూడోది. 1946లో వచ్చిన విలువలు, గిగాపాస్కల్స్ అనే కొలమానంలో చెప్పాలంటే, సుమారు 950, 390, 430. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మెక్‌స్కిమిన్, బాండ్ మెరుగైన పద్ధతితో కొలిచారు. వాళ్ళకు వచ్చినవి 1076, 125, 576. ఇప్పుడు అందరూ ఒప్పుకునే విలువలు వీటికే దగ్గర.

రెండో అంకె చూడండి, మూడు రెట్లు తేడా. అంత పెద్ద తప్పా అని అనిపిస్తుంది. కానీ కాస్త ఆగి లెక్క చూద్దాం. మొదటి అంకెలో తేడా, ధ్వని వేగంలోకి మార్చి చూస్తే నూటికి ఆరు పాళ్ళే. రెండో అంకెను నేరుగా కొలవరు. పెద్ద అంకెల్లోంచి పెద్ద అంకెలు తీసేయగా మిగిలేది అది. నెల జీతంలోంచి అద్దె, ఫీజులు, సరుకులు తీసేస్తే మిగిలే పొదుపు లాంటిది. ఖర్చుల అంచనా నూటికి ఆరు తప్పినా, మిగులు రెట్టింపో సగమో అయిపోతుంది. ఈ బాధ అమ్మానాన్నలకు బాగా తెలుసు.

మరి ఆ 1946 పని వృథాయేనా? కాదు. వాళ్ళు పద్ధతి ఏమిటో, బిళ్ళ మందం ఎంతో, కంపనం ఎంతో, దాంట్లోంచి అంకె ఎలా తీశారో రాసి అచ్చువేశారు. అందుకే తర్వాతివాళ్ళు పోల్చి చూడగలిగారు, తేడాను పట్టుకోగలిగారు. వజ్రం స్థితిస్థాపకత మీద రాసే పట్టికల్లో వాళ్ళ వరస ఇప్పటికీ మొదట్లో కనిపిస్తుంది. సైన్సులో కొలత అంటే చివరి మాట కాదు, తర్వాత వచ్చేవాడు తనిఖీ చేయడానికి వీలుగా పెట్టిన మాట. పరీక్ష పేపర్లో జవాబు తప్పినా స్టెప్పులు రాసిన పిల్లవాడికి టీచరు మార్కులు ఎందుకిస్తారో ఇప్పుడు చెప్పండి చూద్దాం. జవాబు ఒక్కటే రాసినవాడు ఎక్కడ తప్పాడో ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు.

మీకోసం ఒక లెక్క. వజ్రపు బిళ్ళ మందం 1 మిల్లీమీటరు. సెకనుకు 87.5 లక్షల కంపనాల దగ్గర అది ధ్వనిని బాగా దాటనిచ్చింది. వేగం అంటే మందాన్ని రెండుతో, ఆపైన కంపనంతో గుణించాలి. ఎంత వచ్చింది? సెకనుకు 17,500 మీటర్లు. సాంద్రత ఘనపు మీటరుకు 3510 కిలోలు. దాన్ని వేగంతో రెండుసార్లు గుణించండి. ఏ అంకెకు దగ్గరగా వచ్చిందో పై పేరాలో వెతుక్కోండి.

మళ్ళీ బెంగళూరు

భగవంతం గారు వాల్తేరులో ఉండగానే పుస్తకాలు రాశారు. కాంతి చెదరడం మీదా, రామన్ ఎఫెక్ట్ మీదా ఒకటి 1940లో వచ్చింది. వెంకటరాయుడు గారనే గణిత శాస్త్రజ్ఞుడితో కలిసి, గ్రూప్ థియరీ అనే లెక్కల శాఖను ఫిజిక్సులో ఎలా వాడాలో చెప్పే పుస్తకం 1948లో వచ్చింది. స్ఫటికంలో ఎన్ని అంకెలు కొలిస్తే సరిపోతుందో ముందే చెప్పగలిగే విద్య అది. వజ్రానికి మూడే ఎందుకు, ఇంకో స్ఫటికానికి ఎక్కువ ఎందుకు అన్నది ఆ పుస్తకంలో ఉంటుంది. ఒక లెక్కల మేష్టారు, ఒక ఫిజిక్సు మేష్టారు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఏమవుతుందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

తర్వాత ఆయన హైదరాబాదు వెళ్ళారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పారు, 1952 నుంచి 1957 దాకా అక్కడే వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. 1957లో, అంటే వజ్రానికి కొత్త అంకెలు వచ్చిన ఏడాదే, బెంగళూరులో టాటా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు అయ్యారు. ఒకప్పుడు గురువు కూర్చున్న కుర్చీలో శిష్యుడు కూర్చున్నారు. ఆ సమయానికి రామన్ గారు ఇదే ఊళ్ళో, కొద్ది దూరంలోనే తన పేరిటి పరిశోధన సంస్థలో పనిచేసుకుంటున్నారు.

ఆయన ఉన్న రోజుల్లోనే, 1958లో, ఇన్‌స్టిట్యూట్‌కి విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా వచ్చింది. సొంతంగా డిగ్రీలు ఇచ్చే అధికారం అది. మరుసటేడు యాభై ఏళ్ళ పండగ జరిగింది. ఈరోజు మన ఊరి పిల్లలు ఆ గేటు ముందు నిలబడి ఇక్కడ చదవాలి అనుకుంటున్నారంటే, దాని వెనకాల ఇలాంటి ఆఫీసు పని కూడా చాలా ఉంది. ప్రయోగం చేసే చేతులు ఫైళ్ళు కూడా పట్టాయి.

1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఆ పదవిలో ఉండగానే వచ్చాయి. 1969 దాకా ఆ బాధ్యత మోశారు. మధ్యలో 1966లో స్ఫటికాల సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం వెలువడింది. అంటే రక్షణ శాఖ పనుల నడుమ కూడా స్ఫటికాలను వదల్లేదన్నమాట. గురువుగారు 1970లో పోయాక ఆయన జీవితం గురించి కూడా రాశారు. 1989 ఫిబ్రవరి 6న భగవంతం గారు కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక మాట. మనం తెలుగువాళ్ళం, పరాయి రాష్ట్రంలో ఉంటున్నాం. పిల్లలు తెలుగు చదివితే వెనకబడతారేమో అన్న బెంగ చాలా ఇళ్ళల్లో ఉంది. భగవంతం గారు తెలుగు పల్లెలో పుట్టి, గుడివాడ బడిలో చదివి, కలకత్తా, వాల్తేరు, హైదరాబాదు, బెంగళూరు అన్నిచోట్లా పనిచేశారు. ఏ ఊరికి వెళ్ళినా ఆయన వెంట ఉన్నది ప్రశ్న. పిల్లవాడు మొదటి ప్రశ్న అడిగేది ఇంటి భాషలోనే. దానికి విసుక్కోకుండా జవాబు వెతకడం మన వంతు.

ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: నాలుగు పలకల గాజు గిన్నె లేదా పలకగా ఉన్న ఆరపార డబ్బా, నీళ్ళు, పటికబెల్లం ముక్క, దారం, తెల్ల కాగితం, ఫోన్ టార్చి.

గది చీకటి చేయండి. డబ్బాలో నీళ్ళు పోసి ఐదు నిమిషాలు కదలకుండా ఉంచండి. వెనకాల తెల్ల కాగితం నిలబెట్టండి. ముందు వైపు ఒక మీటరు దూరం నుంచి టార్చి వేయండి. ఇప్పుడు పటికబెల్లం ముక్కను దారానికి కట్టి నీళ్ళ పైభాగంలో మునిగేలా వేలాడదీయండి. నీళ్ళకేసి మామూలుగా చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. కాగితం మీద నీడ చూడండి. ముక్క కింద నుంచి దారాల్లాగా గీతలు జారుతూ కనిపిస్తాయి. కరిగిన పటికబెల్లం ఉన్న నీళ్ళలో కాంతి ఎక్కువ నెమ్మదించి పక్కకు వంగుతుంది. ఆరపార ఉన్నదే నీడగా మారింది.

చూసి వదిలేయకండి, కొలవండి. మొదటి గీత అడుగుకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్ గడియారంతో లెక్కపెట్టండి. నీళ్ళు మార్చి ఐదుసార్లు చేయండి. ఐదు అంకెలూ ఒకేలా రావు, రాకపోయినా దిద్దవద్దు, వచ్చినవి వచ్చినట్టే రాయండి. తర్వాత పెద్దవాళ్ళ సాయంతో గోరువెచ్చటి నీళ్ళతో ఇంకో ఐదుసార్లు చేసి పోల్చండి. డబ్బా ఎత్తు, నీళ్ళు ఎంత, ముక్క ఎంత అన్నీ రాసుకుని మీ సైన్సు టీచరుగారికి చూపించండి. మీ పక్కింటి స్నేహితుడు ఆ కాగితం చదివి, మిమ్మల్ని అడగకుండానే మళ్ళీ అదే ప్రయోగం చేయగలిగితే మీరు సరిగ్గా రాసినట్టే.